నష్టం జరిగిన రోజు నుంచి వెనక్కి: ఇంటి బీమా కాగితాల లెక్క

బీమా ఫైలు ఎక్కడుందని అడిగితే చాలామంది ఠక్కున చెప్తారు. అందులో ఏముందని అడిగితేనే తడబడతారు. నా సంగతీ అంతే. మా ఇంట్లో ఒక లావుపాటి ఫైలు ఉండేది, దారం కట్టి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి. స్నానాల గది గోడలో పైపు పగిలి పక్క గదిలో మడమల లోతు నీళ్లు నిలిచిన రోజున దాన్ని కాస్త గర్వంగానే బయటికి తీశాను. పదకొండేళ్ల ప్రీమియం రసీదులు, ఒక్కటీ పోకుండా, వరసగా ఉన్నాయి. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయర్ వాటి మొహం కూడా చూడలేదు. ఆయన అడిగినవి మూడే మూడు. ఇప్పుడు అమల్లో ఉన్న షెడ్యూలు ఏది? తడిసిన సామాను ఎప్పుడు కొన్నారు, ఎంతకు? పాలసీ తీసుకున్నప్పుడు ఇంటి గురించి మీరు ఏం రాసిచ్చారు? మూడింటికీ నా ఫైల్లో జవాబు లేదు.

ఆ రోజు అర్థమైంది ఏమిటంటే, కాగితాలు మన దగ్గరికి వచ్చే వరస ఒకటి, అవసరం పడ్డప్పుడు వాటిని అడిగే వరస వేరు. రసీదు ఏటా దానంతటదే వచ్చిపడుతుంది కాబట్టి దాస్తాం. పాలసీ కావాలని మొదట ఇచ్చే దరఖాస్తును, అంటే ప్రపోజల్ ఫారాన్ని, ఒక్కసారి నింపి ఇచ్చేస్తాం, కాపీ అడగం. వస్తువు బిల్లు డబ్బాతో పాటే చెత్తలోకి పోతుంది. పనికొచ్చేది పోయి, పెద్దగా పనికిరానిది మిగులుతుంది. అందుకే ఫైలు సర్దడం కంపెనీ పేరుతోనో తేదీతోనో మొదలుపెట్టకూడదు. నష్టం జరిగిన రోజున ఎదుటివాడు వేసే ప్రశ్నలతో మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఆ ప్రశ్నలు ఏ పాలసీకైనా దాదాపు ఇవే: కంపెనీ ఏం ఒప్పుకుంది, మీరు ఏం చెప్పారు, మీ దగ్గర ఏం ఉండేది, జరిగాక ఏం చేశారు.

కంపెనీ ఏం ఒప్పుకుంది

పాలసీ అంటే ఒక కాగితం అనుకుంటాం. నిజానికి అది ఒక కట్ట. ముందు వచ్చే ఒకటి రెండు పేజీలు షెడ్యూలు. అందులో మీ పేరు, చిరునామా, పాలసీ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, దేనికి ఎంత మొత్తం, నష్టంలో మీరే భరించాల్సిన మొదటి భాగం ఎంత అనేవి ఉంటాయి. ఇవి మీ ఒక్కరికి సంబంధించిన వివరాలు. వెనక వచ్చే చిన్న అక్షరాల పుస్తకం అసలు ఒప్పందం: నిర్వచనాలు, దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు, మీరు పాటించాల్సిన షరతులు. ఇది అదే పాలసీ కొన్న అందరికీ ఒకటే.

చాలామంది షెడ్యూలు దాచి పుస్తకం పారేస్తారు. వెబ్‌సైట్లో ఉంటుందిలే అని ధీమా. ఉంటుంది, కానీ వెబ్‌సైట్లో ఉండేది ఈ రోజు అమ్ముతున్న పాలసీ మాటలు. మీరు కొన్నది నాలుగేళ్ల కిందటిదైతే అప్పటి మాటలు వేరుగా ఉండొచ్చు. షెడ్యూలు మీద ఎక్కడో ఒక మూల ఫారం నంబరో, ముద్రణ నెలో ఉంటుంది. పుస్తకం మీద కూడా అదే నంబరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండూ కలిస్తేనే అది పూర్తి పాలసీ. రెన్యువల్ అప్పుడు కంపెనీ మాటలు మార్చితే ఆ సంగతి రెన్యువల్ నోటీసుతో పాటు ఒక పలచని కాగితంలో వస్తుంది. దాన్ని ప్రకటన కాగితం అనుకుని పక్కన పడేస్తాం. వరద నీటికి వర్తించే మొత్తం తగ్గించామనో, నీటి లీకేజీకి మీరు భరించాల్సిన భాగం పెంచామనో అందులోనే రాసి ఉంటుంది.

ఇక ఎండార్స్‌మెంట్లు. పాలసీ మధ్యలో ఏ మార్పు చేసినా, అంటే పేరు సరిచేసినా, గది కట్టినా, ఒక నగను విడిగా చేర్చినా, ఇల్లు అద్దెకిచ్చినా, ఆ మార్పు ఒక కాగితం రూపంలో వచ్చి అసలు పాలసీకి అతుక్కుంటుంది. ఒక పాలసీకి మూడు ఎండార్స్‌మెంట్లు ఉంటే చివరిది ముందువాటిని కొంత మార్చి ఉండొచ్చు. కాబట్టి వీటిని విడిగా ఎక్కడో పెట్టకండి. షెడ్యూలు వెనకే, తాజాది పైన ఉండేట్టు పెట్టండి. ఫైలు తెరవగానే మొదట కనిపించే కాగితమే ఈ రోజు అమల్లో ఉన్నది కావాలి. నేను పాత షెడ్యూళ్ల మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీసి ‘పాతది’ అని రాస్తాను. పెన్నుతో రాయను. ఆ పాత కాగితం ఎందుకు కావాలో తర్వాత చెప్తాను.

ఇల్లు అప్పు మీద కొన్నవాళ్లకు ఇంకో చిక్కు. అప్పిచ్చినవాళ్లే బీమా చేయించి, అసలు కాగితాలు తమ దగ్గరే ఉంచుకుంటారు. అలాంటి పాలసీ చాలాసార్లు కట్టడానికి మాత్రమే వర్తిస్తుంది, ఇంట్లో సామానుకు కాదు. ఇంటికి బీమా ఉందిలే అని ఏళ్లతరబడి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఈ తేడాను నష్టం జరిగిన రోజే కనుక్కుంటారు. కాపీ అడిగి తెచ్చుకుని, షెడ్యూల్లో ‘కట్టడం’, ‘సామాను’ అనే రెండు వరసలకూ ఎదురుగా అంకె ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

మీరు ఏం చెప్పారు

నన్నడిగితే ఫైలు మొత్తంలో అన్నిటికన్నా విలువైన కాగితం, అన్నిటికన్నా తక్కువ మంది దాచే కాగితం, ఇదే: మీరు నింపిచ్చిన ప్రపోజల్ ఫారం కాపీ.

బీమా ఒప్పందానికి మిగతా ఒప్పందాలకు లేని ఒక గుణం ఉంది. వస్తువు గురించి కొనేవాడికే బాగా తెలుసు, అమ్మే కంపెనీకి తెలియదు. ఇంటి పైకప్పు ఎప్పుడు వేశారు, ఇంతకుముందు దొంగతనం జరిగిందా, ఇంట్లోంచి వ్యాపారం చేస్తున్నారా అన్నవి మీరు చెప్తేనే వాళ్లకు తెలుస్తాయి. ఇంగ్లండ్‌లో 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయానికి పునాది. సుమత్రాలోని మార్ల్‌బరో కోట గవర్నర్ కార్టర్, శత్రువుల దాడి జరిగితే నష్టం రాకుండా బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్లు వచ్చి కోటను పట్టుకున్నారు. కోట బలహీనంగా ఉందన్న సంగతి దాచాడంటూ బీమా ఇచ్చిన బోమ్ డబ్బు కట్టనన్నాడు. రెండు వైపులా నిండు నిజాయితీ ఉండాలన్న సూత్రాన్ని మాన్స్‌ఫీల్డ్ ఆ తీర్పులోనే స్థిరపరిచాడు. తమాషా ఏమిటంటే ఆ కేసులో గెలిచింది గవర్నరే. బీమా ఇచ్చినవాడికి తెలిసిన సంగతులూ, అడిగితే తెలుసుకోగలిగిన సంగతులూ చెప్పలేదని తర్వాత వంక పెట్టకూడదన్నాడు జడ్జి. సూత్రాన్ని మాత్రం తర్వాతి రెండు శతాబ్దాలూ ఎక్కువగా కంపెనీలే వాడుకున్నాయి. ఇప్పుడు కొన్ని దేశాల్లో చట్టం మారింది. బ్రిటన్‌లో 2012 చట్టం ప్రకారం మామూలు కొనుగోలుదారు తనంతట తాను అన్నీ చెప్పక్కర్లేదు. అడిగినవాటికి తగిన జాగ్రత్తతో, నిజంగా జవాబిస్తే చాలు.

ఎక్కడి చట్టం ఎలా ఉన్నా చివరికి తగాదా వచ్చి ఆగేది ఒకే చోట: అసలు ఏం అడిగారు, మీరు ఏం జవాబిచ్చారు? ఆ కాగితం కంపెనీ దగ్గర ఉంటుంది. మీ దగ్గరా ఉండాలి. ఫారం ఏజెంటు నింపితే ఇంకా ముఖ్యం. ‘మీరు సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా’ అన్న మాట వినబడగానే చెవులు రిక్కించాలి. ఆయన తొందరలో ‘లేదు’ దగ్గర పెట్టిన టిక్కు మీ సంతకం కిందే ఉంటుంది. నింపిన తర్వాత, ఇచ్చే ముందు, ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆన్‌లైన్లో కొంటే జవాబులు నింపిన తెరలను ఒక్కొక్కటిగా స్క్రీన్‌షాట్ తీయాలి. చివర్లో వచ్చే ధన్యవాదాల పేజీకి తీసి లాభం లేదు. ఫోన్లో మాట్లాడి కొంటే తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు రాసుకుని, ఆ సంభాషణ రికార్డు నంబరేదైనా ఉందేమో అడగండి.

రెన్యువల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ‘వివరాల్లో మార్పు ఏమీ లేకపోతే మీరు ఏమీ చేయక్కర్లేదు’ అని వచ్చిన ఉత్తరానికి మనం ఏమీ చేయం. కంపెనీ లెక్కలో ఆ మౌనమే జవాబు. ఏడాది మధ్యలో ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించి ఉంటే, ఆరు నెలలు ఇల్లు తాళం వేసి ఉంటే, ఆ సంగతి ఈమెయిల్లో చెప్పి, వాళ్లు పంపిన జవాబును ప్రపోజల్ కాపీ వెనక పెట్టండి.

మీ దగ్గర ఏం ఉండేది

కాలిపోయిన గది ముందు నిలబడి అందులో ఏమేం ఉండేవో జ్ఞాపకం తెచ్చుకోవడం ఎంత కష్టమో ముందు ఊహకందదు. పెద్దవి గుర్తుంటాయి. బీరువా అడుగు అరలో ఉన్నవి, అటక మీదవి, గోడకు తగిలించినవి గుర్తురావు. నెలల తర్వాత దేన్నో వెతుక్కుంటూ ‘అయ్యో, అది కూడా ఉండేది కదా’ అనుకుంటాం. అప్పటికి క్లెయిమ్ ముగిసిపోయి ఉంటుంది.

కూర్చుని పెద్ద జాబితా రాయమని చాలామంది సలహా ఇస్తారు. మంచిదే, కానీ రాసేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. రెండు గదులు రాసేసరికి ఓపిక అయిపోతుంది. దానికన్నా ఫోన్ పట్టుకుని ఇల్లంతా నెమ్మదిగా తిరుగుతూ వీడియో తీయడం మేలు. అలమర్ల తలుపులు తీసి, సొరుగులు లాగి, నోటితో చెప్పుకుంటూ తీయాలి: ‘ఇది రెండేళ్ల కిందట కొన్నది, దీని బిల్లు ఉంది, ఇది అత్తయ్య ఇచ్చింది.’ పదిహేను నిమిషాల పని. ఖరీదైనవాటికి మాత్రం విడిగా ఫోటోలు: వస్తువు మొత్తం ఒకటి, వెనకున్న సీరియల్ నంబరు ఒకటి, బిల్లు ఒకటి. ఆ ఫోటోల అసలు ఫైళ్లనే దాచుకోండి. మెసేజింగ్ యాప్‌లో పంపుకున్న కాపీని నమ్ముకోవద్దు. చాలా యాప్‌లు ఫోటోను కుదించేటప్పుడు అది ఎప్పుడు తీశారన్న సమాచారాన్ని కూడా తుడిచేస్తాయి. మీకు కావాల్సింది ఆ తేదీయే.

నగలు, నగదు, కళాఖండాలు, కెమెరాల్లాంటివాటికి ఇంటి పాలసీల్లో తరచుగా విడి పరిమితి ఉంటుంది. సామాను మొత్తానికి ఎంత పెద్ద అంకె ఉన్నా ఒక్కో నగకు ఇంతకు మించి ఇవ్వమని రాసి ఉంటుంది. అంతకు మించిన వస్తువును షెడ్యూల్లో విడిగా చేర్పించాలి, దానికి విలువ అంచనా పత్రం కావాలి. ఆ పత్రం పదేళ్ల కిందటిదైతే దాని అంకె ఈ రోజు ధరకు చాలా దూరంగా ఉంటుంది.

వస్తువుల జాబితా ఇంకో పని కూడా చేస్తుంది. దీన్ని వివరించడానికి చిన్న లెక్క వేస్తాను. ఇంట్లో సామాను అంతా మళ్లీ కొనాలంటే 100 పాళ్ల డబ్బు అవుతుందనుకుందాం. మీరు 60 పాళ్లకే బీమా చేశారు. మంట లేచి 30 పాళ్ల సామాను కాలింది. 30 అనేది 60కి లోపే కదా, మొత్తం వస్తుందనుకుంటాం. యావరేజ్ క్లాజు ఉన్న పాలసీలో అలా రాదు. మీరు విలువలో నూటికి 60 వంతులకే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ నూటికి 60 వంతులే ఇస్తారు. అంటే 18 పాళ్లు. మిగతా 12 మీ మీద పడతాయి. జాబితా ఉన్నవాళ్లు ప్రతి రెన్యువల్‌కూ ఈ 100 అనే అంకె ఎంతకు పెరిగిందో చూసుకోగలరు. లేనివాళ్లు పోయినేడాది అంకెనే మళ్లీ ఒప్పుకుంటారు.

ఇంకో మాట కూడా షెడ్యూల్లో వెతకండి: నష్టానికి కొత్త వస్తువు ధర ఇస్తారా, అరుగుదల తీసేసి ఇస్తారా? రెండోదైతే కొన్న తేదీ ఉన్న బిల్లు రెండింతలు ముఖ్యం. తేదీ లేకపోతే వస్తువు వయసు సర్వేయర్ అంచనాకే వదిలేసినట్టు.

బిల్లులన్నానుగానీ, ఇప్పుడు దుకాణాలు ఇచ్చే బిల్లుల్లో చాలావరకు సిరాతో అచ్చువేసినవి కావు. అది థర్మల్ కాగితం. దాని మీద పూసిన రసాయనం వేడి తగిలితే నల్లబడి అక్షరంగా కనిపిస్తుంది. వెలుతురుకు, నూనె చేతులకు, కొన్ని రకాల ప్లాస్టిక్‌లకు అవే అక్షరాలు వెలిసిపోతాయి. జాగ్రత్తగా పారదర్శక కవర్లో పెట్టి దాచిన బిల్లు మూడేళ్లకు తెల్ల కాగితంగా బయటపడటం నేను స్వయంగా చూశాను. కవరే దాన్ని తినేసింది. పీవీసీ కవర్లలో ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు ఆ రంగును కరిగిస్తాయి. లామినేషన్ చేయిస్తే ఇంకా ఘోరం, ఆ వేడికి కాగితమంతా ఒక్కసారిగా నల్లబడుతుంది. కొన్న రోజే ఫోటో తీయడం, వీలైతే మామూలు కాగితం మీద జిరాక్స్ తీసి రెండూ కలిపి పెట్టడం తప్ప వేరే మందు లేదు.

జరిగాక ఏం చేశారు

ఇది ముందుగా సర్దిపెట్టుకునే ఫైలు కాదు. ఖాళీ నోటుపుస్తకం ఒకటి ఫైల్లో పెట్టి ఉంచితే చాలు. నష్టం జరిగిన క్షణం నుంచి అందులో రాయడం మొదలుపెట్టాలి. ఎవరికి ఫోన్ చేశారు, ఎన్ని గంటలకు, వాళ్లు ఇచ్చిన క్లెయిమ్ నంబరు ఏమిటి, ఏం చేయమన్నారు. ఫోన్లో ఒప్పుకున్న ముఖ్యమైన సంగతిని అదే రోజు ఈమెయిల్లో రాసి పంపండి: ‘మీరు తడిసిన తివాచీ పారేయవచ్చన్నారు, అలాగే చేస్తున్నాను’ అని. మూడు వారాల తర్వాత కొత్త ఆఫీసరు వచ్చి తివాచీ ఏదని అడిగినప్పుడు ఆ ఈమెయిలే మీకు దిక్కు.

నష్టం ఇంకా పెరగకుండా ఆపడం మీ బాధ్యత అని చాలా పాలసీల్లో ఉంటుంది. పగిలిన కిటికీకి అట్ట కట్టించినా, నీళ్లు తోడే మోటారు అద్దెకు తెచ్చినా ఆ రసీదులు ఉంచండి. తప్పు వేరేవాళ్లదైతే, ఉదాహరణకు పై ఇంటివాళ్ల పైపు పగిలితే, మీకు డబ్బు కట్టిన తర్వాత వాళ్ల నుంచి రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి వస్తుంది. కాబట్టి ఈలోపు మొహమాటానికి పోయి ‘మీ మీద నాకే ఫిర్యాదూ లేదు’ అని వాళ్లకు కాగితం రాసివ్వకండి. మీ క్లెయిమే చిక్కుల్లో పడొచ్చు. చివర్లో పరిష్కార పత్రం మీద ‘పూర్తి, తుది’ అన్న మాటలు కనిపిస్తే సంతకానికి ముందు ఒక కాపీ తీసి, ఒక రాత్రి ఆగి చదవండి.

ఎక్కడ, దేంట్లో

1666లో లండన్‌లో నాలుగు రోజుల పైన రగిలిన మంట 13,200 ఇళ్లను మింగింది. ఆ తర్వాత పుట్టిన అగ్ని బీమా కంపెనీలు తమ గుర్తు ఉన్న లోహపు పలకలను ఇళ్ల గోడలకు బిగించేవి. తొలినాళ్లలో చాలా పలకలు సీసంతో చేసినవి, వాటి మీద పాలసీ నంబరు కూడా ఉండేది. పాలసీ నంబరు గోడకే ఉంటే ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. అంత సౌఖ్యం ఇప్పుడు లేదు. పైగా కాగితం విషయంలో ఒక విచిత్రం ఉంది: ఏ ప్రమాదానికి బీమా చేశామో ఆ ప్రమాదంలోనే కాగితమూ పోతుంది. ఇల్లు కాలితే ఇంట్లోని పాలసీ కూడా కాలుతుంది.

నిప్పుకు తట్టుకునే పెట్టెలు అమ్ముతారు. కొనేముందు అది దేనికి తట్టుకుంటుందో చదవాలి. అమెరికాలో వాడే యూఎల్ 72 ప్రమాణం ప్రకారం కాగితాల పెట్టెలో, చెప్పిన సమయం దాకా, లోపలి వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఆ వేడికి మామూలు కాగితం నిలుస్తుంది. కానీ పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్కు నిలవవు. వాటి కోసం 52 డిగ్రీలు దాటని వేరే తరగతి ఉంది, అవి ఖరీదు ఎక్కువ. చాలామంది కాగితాల పెట్టెలో ఒక మూల పెన్‌డ్రైవ్ పడేసి రెండూ భద్రమనుకుంటారు. థర్మల్ బిల్లులు కూడా ఆ పెట్టెలో కాలవుగానీ నల్లబడిపోతాయి. ఈ పెట్టెల గోడల్లో ఉండే పదార్థంలో తేమ దాగి ఉంటుంది. మంటలో ఆ తేమ ఆవిరై వేడిని లాగేస్తుంది. అదే తేమ మామూలు రోజుల్లో మెల్లగా లోపలికి చేరి కాగితాలను మెత్తబరుస్తుంది. అప్పుడప్పుడు మూత తీసి గాలి తగలనివ్వాలి. మంట ఆర్పడానికి కొట్టే నీళ్ల సంగతి సరేసరి. నిప్పుకు తట్టుకునేవన్నీ నీటికి తట్టుకోవు. అందుకే లోపల జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి ఒకటి ఉండాలి, అది పాలీప్రొపిలీన్‌ది గానీ పాలిథిన్‌ది గానీ అయితే మంచిది. పీవీసీకి లేజర్ ప్రింటు అక్షరాలు అంటుకుపోయి ఊడివస్తాయి.

ఎంత చేసినా కాగితాలు తడిశాయనుకోండి. కంగారులో ఒక్కో పేజీ విడదీయబోయి చింపుతాం. తడి కాగితానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఆలోపు ఆరబెట్టే వీలు లేకపోతే కట్టను అలాగే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్లో పెట్టేయండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పెరగదు. తీరిగ్గా తీసి కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు. గ్రంథాలయాలు వరదలో తడిసిన పుస్తకాలకు చేసేదీ ఇదే.

కంప్యూటరులో దాచడం మీద కొద్దిగానే చెప్తాను, ఎందుకంటే అందులో సూత్రం ఒకటే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. కంపెనీ ఈమెయిల్లో పంపిన లింకు పాలసీ కాదు, లింకు కొన్నాళ్లకు పనిచేయదు. ఫైలును దించుకోండి. పాస్‌వర్డు ఉన్న పీడీఎఫ్ అయితే తెరిచి, పాస్‌వర్డు లేని కాపీగా భద్రపరచండి, లేదా ఆ పాస్‌వర్డు ఎక్కడైనా రాయండి. ఎక్కువ కాలం నిలవాలంటే పీడీఎఫ్-ఏ అనే రకం ఉంది, 2005 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. అక్షరాల రూపాలతో సహా అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి, ఇరవై ఏళ్ల తర్వాత తెరిచినా అలాగే కనబడాలన్నది దాని ఉద్దేశం. ఫైలు పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే, ‘2024-03-15 ఇల్లు షెడ్యూలు’ అన్నట్టు, అవే వరసలో నిలబడతాయి. కంపెనీ పోర్టల్‌ను దాచే చోటుగా లెక్కపెట్టకండి. కంపెనీ మారిన రోజున ఆ ఖాతా తలుపు మూసుకోవచ్చు.

పాతవాటిని ఏం చేయాలి

పాలసీ గడువు ముగిసింది, కొత్తది వచ్చింది, పాతది చింపేయొచ్చా? సామానుకు, కట్టడానికి సంబంధించిన భాగం వరకూ, తెరిచి ఉన్న క్లెయిమ్ ఏదీ లేకపోతే, పాతదానితో పెద్దగా పని ఉండదు. కానీ ఇంటి పాలసీల్లో చాలాసార్లు ఇంకో భాగం ఉంటుంది: మీ ఇంట్లో వేరేవాళ్లకు దెబ్బ తగిలితే మీ తరఫున కట్టే బాధ్యత. మీ మెట్ల మీద అతిథి జారిపడ్డారనుకోండి. లాయరు నోటీసు రెండేళ్ల తర్వాత రావొచ్చు. అప్పటికి మీరు కంపెనీ మారి ఉండొచ్చు. ఇలాంటి పాలసీలు మామూలుగా సంఘటన జరిగిన రోజును బట్టి పనిచేస్తాయి. నోటీసుకు జవాబు చెప్పాల్సింది ఆ రోజు అమల్లో ఉన్న పాత కంపెనీ. పాత షెడ్యూలు మీద గీత పెన్సిల్‌తో ఎందుకు గీస్తానన్నానో ఇప్పుడు తెలిసిందిగా.

పెద్ద సంస్థలకు ఈ సంగతి చేదుగా అనుభవంలోకి వచ్చింది. ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్లకు జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడేది. అప్పుడు కేసులు పడితే, దుమ్ము పీల్చిన కాలంలో తమకు ఎవరు బీమా ఇచ్చారో కంపెనీలకే తెలియలేదు. పాత పాలసీలను గోదాముల్లో, పాత ఖాతా పుస్తకాల్లో తవ్వి తీయడం ఒక వృత్తిగా మారింది. దానికి బీమా పురావస్తు శాస్త్రం అనే పేరు కూడా వచ్చింది. ఇంటివాళ్లకు అంత అక్కర్లేదు, కాలం చెల్లిన పాలసీ షెడ్యూళ్లు పలచని కవర్లో పడి ఉంటే చోటేమీ తినవు. మీరుండే చోట దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు ఎంతో కనుక్కుని, దానికి కొంత కలిపి ఉంచండి. దెబ్బ తగిలింది చిన్నపిల్లలకైతే ఆ గడువు చాలాచోట్ల వాళ్లు పెద్దయ్యాకే మొదలవుతుందని గుర్తుంచుకోండి. పరిష్కారమైన క్లెయిమ్ కాగితాలను మాత్రం అసలు పారేయకండి. కొత్త ప్రపోజల్లో ‘ఇంతకుముందు క్లెయిమ్‌లు ఉన్నాయా’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు తేదీ, మొత్తం అందులోనే దొరుకుతాయి.

ఇంకొకరికి తెలియాలి

జీవిత బీమా విషయంలో ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక్కసారి తలకిందులవుతుంది, ఎందుకంటే కాగితం దాచినవారు అవసరమైన రోజున ఉండరు. డబ్బు రావాల్సినవారికి పాలసీ ఉందనే తెలియకపోవడం ఎంత మామూలంటే, అమెరికాలో రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘం చనిపోయినవారి పాలసీలను వెతికిపెట్టే ఉచిత సేవను 2016లో మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ ఒక్క కాగితం బ్యాంకు లాకర్లోనే ఉండి, లాకరు ఒక్కరి పేరు మీదే ఉంటే, తెరవడానికి కావాల్సిన తతంగం ముగిసేదాకా అది ఉన్నా లేనట్టే.

నా మటుకు నేను ఒక్క పేజీ రాశాను. ఏ పాలసీ, ఏ కంపెనీ, నంబరు, గడువు తేదీ, క్లెయిమ్‌కు ఫోన్ చేయాల్సిన నంబరు, అసలు కాగితం ఎక్కడుంది, నామినీ ఎవరు. పాస్‌వర్డులు అందులో రాయలేదు, అవి ఎక్కడ దొరుకుతాయో మాత్రం రాశాను. పైన ఆ పేజీ రాసిన తేదీ వేశాను, పాతబడిందో లేదో చూడగానే తెలియాలని. ఒక కాపీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉండే తమ్ముడి దగ్గర.

తర్వాత ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. నేను ఏమీ మాట్లాడను, మీరు ఇంటి పాలసీ ప్రపోజల్ కాపీ తీసి చూపించండి అన్నాను. మా అబ్బాయి నాలుగు నిమిషాల్లో తెచ్చాడు. మా ఆవిడ పేజీ చదివి, జీవిత బీమాలో నామినీ పేరు పెళ్లికి ముందు రాసినదే ఇంకా ఉందని చూపించింది. ఆ వారమే మార్పు ఫారం పంపి, వాళ్లు తిరిగి పంపిన ఎండార్స్‌మెంట్‌ను షెడ్యూలు వెనక పెట్టాను. పదకొండేళ్ల రసీదుల్లో ఈ ఏడాదిదీ, పోయినేడాదిదీ, పన్ను లెక్కలకు కావాల్సినవీ ఉంచి మిగతావి పేరూ నంబరూ కనబడకుండా ముక్కలు చేసేశాను. ఫైలు సగానికి సన్నబడింది. దారం ఇప్పుడు రెండు చుట్లు వస్తోంది.